జీపు బ్యాటరీ నీళ్ళు తాగుతోంది: 15.4 వోల్టుల నుంచి 13.9 దాకా (ప్రాజెక్టు డైరీ)

బండి మా బావది, పాత డీజిల్ జీపు. నార్పల నుంచి అనంతపురం మార్కెట్ యార్డుకు చీనీకాయలు తోలడం, వచ్చేటప్పుడు డ్రిప్పు పైపులో ఎరువుల మూటలో వేసుకురావడం దాని పని. బ్యాటరీ 12 వోల్టులు, 80 ఆంపియర్ అవర్లు, మూతలు విప్పి నీళ్ళు పోసే రకం. ఆల్టర్నేటర్ (ఇంజన్ తిప్పితే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది) ఇంజన్ పక్కన ఉంటుంది. ఆ వోల్టేజిని హద్దులో పట్టే రెగ్యులేటర్ మాత్రం విడిగా, మడ్‌గార్డుకు బిగించిన చిన్న డబ్బాలో ఉంటుంది. మా పక్క మెకానిక్కులు దాన్ని కటౌట్ అనే అంటారు.

జబ్బు ఇదీ. ఏ బ్యాటరీ వేసినా ఏడాదిన్నర నిలవదు. నెలకు లీటరుకు దగ్గరగా డిస్టిల్డ్ వాటర్ పడుతుంది. తాడిపత్రి దాకా పోయొచ్చి బానెట్ ఎత్తితే కుళ్ళిన గుడ్ల వాసన. టెర్మినళ్ళ మీద తెల్లగా, నీలంగా చిలుము. ఆల్టర్నేటర్ మార్చడం కూడా అయిపోయింది, దాంతో పైసా ఉపయోగం లేకపోయింది.

నాది మోటార్ల రీవైండింగ్ పని. మీటర్లు చేతిలో ఉన్నాయి కాబట్టి ఈసారి దేన్నీ మార్చకుండా ముందు కొలుద్దాం అనుకున్నా. ఇలాంటి పాత బండి ఉన్నవాళ్ళకే ఈ డైరీ. కంప్యూటర్ నడిపే కొత్త కార్లకు ఈ లెక్కలు పెట్టొద్దు. వాటిలో చార్జింగ్ వోల్టేజిని కంప్యూటరే కావాలని కాసేపు 12.8కి దించుతుంది, బ్రేకు తొక్కినప్పుడు 14.8 దాకా ఎక్కిస్తుంది. అది జబ్బు కాదు, పెట్రోలు ఆదా చేసే పద్ధతి.

దశ 1: ముందు మీటరు సంగతి

మొదటి రీడింగే 15.9 వచ్చింది. నమ్మబుద్ధి కాలేదు, ఎందుకంటే 15.9 నిజమైతే హెడ్‌లైట్ బల్బులు ఎప్పుడో మాడిపోవాలి. షాపులో ఉన్న రెండో మీటరు పెడితే 15.1 చూపించింది. మొదటి మీటరు లోపలి 9 వోల్టుల సెల్లు అయిపోవచ్చింది. చవక మీటర్లకు సెల్లు దిగిపోతే ఉన్నదానికంటే ఎక్కువ చూపించే గుణం ఉంది. కొత్త సెల్లు వేశాక రెండూ 0.02 తేడాలోకి వచ్చాయి. బ్యాటరీ విషయంలో 14.4కీ 15.1కీ మధ్యే ప్రాణం ఉంది కాబట్టి, ఈ చిన్న పని చేయకుండా ఏ రీడింగూ రాసుకోవద్దు.

కొలిచే వరస:

1. రాత్రంతా నిలిపిన బండికి పొద్దున్నే, తాళం తిప్పకముందే బ్యాటరీ వోల్టేజి రాసుకోవాలి. 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. నిండకుండా ఎక్కువ రోజులు వదిలితే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడటం మొదలు.
2. మీటరు పిన్నులు క్లాంపు మీద కాదు, సీసపు పోస్టు మీదే ఆనించాలి. క్లాంపుకీ పోస్టుకీ మధ్య చిలుము ఉంటే అక్కడే అర వోల్టు పోతుంది.
3. ఇంజన్ వేడెక్కాక, రెండు వేల ఆర్‌పీఎం దగ్గర పట్టి కొలవాలి. ఐడ్లింగులో చూసిన అంకె లెక్కలోకి రాదు.
4. లైట్లు ఆర్పి ఒకసారి, వేసి ఒకసారి, ఫ్యాను, వైపరు కూడా వేసి ఒకసారి.
5. మీటరును ఏసీ వోల్టులకు తిప్పి బ్యాటరీ మీదే ఇంకోసారి. 0.1 లోపు ఉంటే ఆల్టర్నేటర్‌లో ఏసీని డీసీగా మార్చే డయోడ్లు బాగున్నట్టు, 0.5 దాటితే ఒక డయోడైనా పోయినట్టు. కొన్ని మీటర్లు ఏసీలో పెట్టినా డీసీని పట్టేసి తప్పుడు అంకె చూపిస్తాయి. ఇంజన్ ఆపి ఒకసారి చూసి, అప్పుడు సున్నా వస్తేనే ఆ మీటరుతో ఈ పరీక్ష చేయాలి.

మా జీపు అంకెలు: పొద్దున 12.48. ఏసీ 0.04, అంటే డయోడ్లకు ఢోకా లేదు. చార్జింగ్ మాత్రం లైట్లు లేకుండా 14.82, లైట్లు వేస్తే 15.12, లైట్లు, ఫ్యాను, వైపరు కలిపి 15.42.

యాసిడ్ ఎంత చిక్కగా ఉందో చూపే హైడ్రోమీటరుతో బ్యాటరీలోని ఆరు సెల్లులూ (గదులూ) చూశాను, అంకె తగ్గితే ఆ సెల్లులో చార్జి తక్కువున్నట్టు. కొలత 27 డిగ్రీలకు సరిచేయాలి, ఆపైన ప్రతి 10 డిగ్రీలకూ 0.007 కలపాలి. ఐదు సెల్లులు 1.240, 1.245 మధ్య ఉన్నాయి. ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ (ఇంజన్ పొగ బయటికి పోయే వేడి గొట్టం) వైపు ఉన్న ఆరోది 1.205.

నీళ్ళు గుర్తు దాకా పోసి, రెండు వారాలు తిప్పాక మళ్ళీ కొలగ్లాసుతో పోశాను: మొత్తం 420 మి.లీ. ఐదు సెల్లులకు సగటున 63, ఆరోదానికి ఒక్కదానికే 105. ఇక్కడ ఒక లెక్క పనికొస్తుంది. నిండిన సెల్లులోకి ఒక ఆంపియర్ అవర్ అదనంగా తోస్తే 0.336 గ్రాముల నీళ్ళు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్‌గా ఎగిరిపోతాయి. 63 మి.లీ. అంటే 187 ఆంపియర్ అవర్లు. కొంత ఉత్త ఆవిరే అనుకున్నా, ఆ బ్యాటరీని రెండుసార్లు ఖాళీ చేసి నింపేంత కరెంటు దానికి అక్కర్లేకుండా దాంట్లోకి పోయింది. సెల్లులు ఆరూ వరసగా ఉన్నాయి, అన్నిట్లో పారేది ఒకటే కరెంటు. కాబట్టి ఆరోది అదనంగా తాగిన 42 మి.లీ. చార్జింగు పని కాదు, మేనిఫోల్డ్ వేడిది.

ఇప్పటిదాకా ఖర్చు: హైడ్రోమీటరు 180, డిస్టిల్డ్ వాటర్ 110. మొత్తం 290.
నీళ్ళు (రెండు వారాలకు): 420 మి.లీ.

దశ 2: లైటు వేస్తే వోల్టేజి పెరగడమేంది

బావ పక్కనే నిలబడి మీటరు చూస్తున్నాడు. "లోడు పడితే వోల్టేజి తగ్గాల గదా, ఇదేందప్పా పైకి పోతాంది?" అన్నాడు. ఈ జీపు జబ్బంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

రెగ్యులేటర్ చేసే పని ఇంతే. తన రెండు కొసల మధ్య ఎంత వోల్టేజి ఉందో చూసుకుంటుంది, అది 14.3కి తగ్గితే ఆల్టర్నేటర్ ఫీల్డు కాయిల్‌కి (లోపల అయస్కాంతంగా పనిచేసే తీగ చుట్టకు) కరెంటు పెంచుతుంది, దాటితే తగ్గిస్తుంది. అది చూసేది తన దగ్గరున్న వోల్టేజిని, బ్యాటరీ దగ్గరున్నదాన్ని కాదు. మా జీపులో దానికి ప్లస్సు వచ్చే దారి ఇలా ఉంది: బ్యాటరీ, సెల్ఫ్ మోటారు బోల్టు, అమ్మీటరు, ఇగ్నిషన్ స్విచ్, ఫ్యూజు పెట్టె, అక్కణ్ణించి కటౌట్. అదే దారిలో లైట్లు, ఫ్యాను, వైపరు, హారన్ అన్నీ వేలాడుతున్నాయి. వైరు పాతది, స్విచ్ పాయింట్లు అరిగినవి. లైటు వేయగానే ఆ దారిలో వోల్టేజి పడిపోతుంది. కటౌట్ దాన్ని చూసి బ్యాటరీ దిగిపోతోందని అనుకుని ఇంకా తోస్తుంది. నిజానికి బ్యాటరీ అప్పటికే నిండి ఉడుకుతోంది.

అనుకోవడం వేరు, కొలవడం వేరు. పిన్ను ఒకటి బ్యాటరీ ప్లస్ పోస్టు మీద, ఇంకోటి కటౌట్ ప్లస్ టెర్మినల్ మీద పెడితే మధ్యలో పోయే వోల్టేజి నేరుగా కనిపిస్తుంది. అలాగే బ్యాటరీ మైనస్ పోస్టు నుంచి కటౌట్ డబ్బా బాడీకి. ఇది ఎర్త్ వైపు, అంటే బండి బాడీ గుండా కరెంటు తిరిగొచ్చే దారి.

ఏమీ వేయకుండా: ప్లస్ వైపు 0.46, ఎర్త్ వైపు 0.06.
హెడ్‌లైట్లు: ప్లస్ 0.61, ఎర్త్ 0.21.
లైట్లు, ఫ్యాను, వైపరు: ప్లస్ 0.88, ఎర్త్ 0.24.

ప్రతి వరసకూ 14.30 కలిపి చూడండి: 14.82, 15.12, 15.42. బ్యాటరీ మీద నేను రాసుకున్న అంకెలు పొల్లు పోకుండా అవే. అంటే కటౌట్ తన 14.3 సరిగ్గానే పట్టుకుంటోంది. ఆల్టర్నేటర్ అమాయకురాలు. దాన్ని మార్చిన డబ్బులు గాల్లో కలిసినట్టే.

మధ్యలో గుత్తి రోడ్డులో ఒక మెకానిక్ దగ్గర ఆగాం. పెద్దాయనే, చేయి తిరిగినవాడే. "పద్నాలుగు దాటి చూపిస్తాంది గదప్పా, చార్జింగ్ బాగా వస్తాన్నట్టే" అని, ఇంజన్ ఆడుతుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకి చూపించబోయాడు. "అన్నా, వద్దు" అని చేయి పట్టుకోవాల్సి వచ్చింది. డైనమోల కాలంలో ఆ పరీక్ష చెల్లింది. ఆల్టర్నేటర్‌కు బ్యాటరీయే దిండు లాంటిది. అది ఒక్కసారిగా తప్పుకుంటే, ఫీల్డు కాయిల్లో ఉన్న బలం తగ్గేలోపు, రెప్పపాటులో వోల్టేజి 80, 100 దాకా ఎగరగలదు. డయోడ్లు, రెగ్యులేటర్, డ్యాష్‌బోర్డులో రేడియో ఉంటే అదీ, ఒకేసారి పోతాయి. పైగా ఉడికే బ్యాటరీ చుట్టూ హైడ్రోజన్ ఉంటుంది. గాలిలో 4 శాతం ఉన్నా అంటుకుంటుంది, టెర్మినల్ పీకితే వచ్చే నిప్పురవ్వ చాలు.

దశ 3: రిలే

కటౌట్‌కు బ్యాటరీ దగ్గర్నుంచే నేరుగా వైరు లాగితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. లాగకూడదు. తాళం తీసేసినా ఫీల్డు కాయిల్ గుండా 3 ఆంపులు పారుతూనే ఉంటాయి. రాత్రి 12 గంటల్లో 36 ఆంపియర్ అవర్లు, అంటే దాదాపు సగం బ్యాటరీ. పొద్దున సెల్ఫ్ ఎత్తదు, కాయిల్ కూడా కాలుతుంది. అందుకే మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, తెంపే స్విచ్) పెట్టాను.

1. బ్యాటరీ ఎర్త్ వైరు ముందు తీయాలి, బిగించేటప్పుడు చివర్లో బిగించాలి. ప్లస్ ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలిందా, స్పానరే వెల్డయిపోతుంది.
2. కటౌట్‌కు వచ్చే పాత ఇగ్నిషన్ వైరు విప్పి రిలే కాయిల్‌కి, 86వ కాలుకు. 85వ కాలు ఎర్త్.
3. బ్యాటరీ ప్లస్ క్లాంపు నుంచి 10 ఆంపుల ఫ్యూజు మీదుగా 2.5 స్క్వేర్ (చదరపు మి.మీ.) వైరు, రిలే 30వ కాలుకు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి.
4. 87వ కాలు నుంచి అదే మందం వైరు కటౌట్ ప్లస్ టెర్మినల్‌కు.
5. లగ్గులన్నీ క్రింపింగ్ ప్లయరుతో నొక్కి, పైన స్లీవు. పంటితో పొర తీసి మెలిపెట్టి టేపు చుట్టే పని ఇక్కడ పనికిరాదు, ఆ జాయింటులోనే మళ్ళీ పావు వోల్టు పోతుంది.

పాత వైరు ఇప్పుడు రిలే కాయిల్‌ను మాత్రమే లాగాలి, అది పావు ఆంపు కూడా కాదు. దాంట్లో అర వోల్టు పోయినా నష్టం లేదు. ఫ్యూజు పోతే ఫీల్డుకు కరెంటే ఆగి చార్జింగ్ ఆగిపోతుంది, ఎక్కువ చార్జింగ్ మాత్రం కాదు. ఇలా తప్పినా ప్రమాదం లేని వైపుకు తప్పేలా ఉండటం నాకు నచ్చింది.

రీడింగ్: అన్నీ వేసి ప్లస్ వైపు 0.04. బ్యాటరీ మీద 14.58. ఏమీ లేకుండా 14.38.

ఖర్చు: రిలే, సాకెట్ 160, ఫ్యూజు హోల్డరు 60, వైరు 90, లగ్గులు 40. ఈ దశకు 350, మొత్తం 640.

దశ 4: ఎర్త్

14.58లో ఇంకా 0.24 ఎర్త్ వైపు దొంగ. కటౌట్ డబ్బా మడ్‌గార్డుకు బిగించి ఉంది, మడ్‌గార్డుకు మూడు పూతల పెయింటు ఉంది. హెడ్‌లైట్ల ఎర్త్ కూడా అదే మడ్‌గార్డులోకి. బ్యాటరీ మైనస్ వైరు మాత్రం ఇంజన్‌కు మాత్రమే ఉంది. బాడీకి వేరే పట్టీ లేదు, ఎప్పుడో తెగిపోయి ఉంటుంది. లైట్ల కరెంటంతా తుప్పు పట్టిన మడ్‌గార్డు బోల్టుల గుండా దారి వెతుక్కుంటోంది.

ముందు ఎమరీ పేపరుతో డబ్బా కిందా బోల్టు చుట్టూ రుద్ది మెరిసేలా చేసి బిగించాను. 0.24 కాస్తా 0.17కు దిగి అక్కడే ఆగింది. బోల్టు శుభ్రం చేస్తే చాలు అనేవాళ్ళకు ఈ అంకె. తర్వాత 16 స్క్వేర్ కేబులు రెండు ముక్కలు: ఒకటి బ్యాటరీ మైనస్ నుంచి ఛాసిస్‌కు, ఒకటి మడ్‌గార్డు నుంచి ఇంజన్ బ్లాకుకు. కటౌట్ డబ్బా బోల్టు నుంచి సన్నని వైరు ఒకటి నేరుగా బ్యాటరీ మైనస్‌కు. జాయింట్ల మీద వాసెలిన్.

రీడింగ్: ఎర్త్ వైపు 0.02. అన్నీ వేసి బ్యాటరీ మీద 14.36, ఏమీ లేకుండా 14.33. లైటు వేసినా వేయకపోయినా అంకె కదలడం లేదు. చాలామందికి పని ఇక్కడితో అయిపోతుంది.

టెర్మినళ్ళ చిలుము వంట సోడా నీళ్ళతో కడిగాను. మూతలు బిగించే ఉంచాలి, సోడా లోపలికి పోతే యాసిడ్ చచ్చిపోతుంది.

ఖర్చు: కేబుళ్ళు 380, ఎమరీ పేపరు 20. ఈ దశకు 400, మొత్తం 1040.
నీళ్ళు (రెండు వారాలకు): 190 మి.లీ.

దశ 5: ఎండ లెక్క

420 నుంచి 190కి దిగింది, సంతోషమే. కానీ 14.35 దగ్గర పట్టి ఉంచిన బ్యాటరీ అంత తాగకూడదు. ఇక్కడే ఎక్కువ రోజులు పట్టింది.

పుస్తకాల్లో రాసే 13.8 నుంచి 14.4 అనే అంకె బ్యాటరీ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటిది. మా పక్క 25 డిగ్రీలంటే డిసెంబరు పొద్దున. సీసం బ్యాటరీ వేడెక్కేకొద్దీ బుడగలు కక్కే వోల్టేజి కిందికి దిగుతుంది. ఒక్కో సెల్లుకు డిగ్రీకి 3 నుంచి 5 మిల్లీవోల్టులు. మధ్యస్థంగా 4 తీసుకుంటే ఆరు సెల్లులకు 24 మిల్లీవోల్టులు. దాన్నిబట్టి పై హద్దు ఇలా వస్తుంది:

25 డిగ్రీలు: 14.40
35 డిగ్రీలు: 14.16
45 డిగ్రీలు: 13.92
55 డిగ్రీలు: 13.68

ఇది గాలి వేడి కాదు, బ్యాటరీ లోపలి వేడి. బయట 41 ఉన్న మధ్యాహ్నం మార్కెట్ నుంచి తిరిగొచ్చాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూస్తే బ్యాటరీ డబ్బా బయటి వైపు 47, మేనిఫోల్డ్ వైపు 52. డబ్బా మీద కొలతతో సరిపెట్టుకోకుండా, గాజు థర్మామీటరు ఆరో సెల్లులో ముంచి చూశాను: 51. అంత వేడి దగ్గర 14.35 అంటే, చల్లటి బ్యాటరీకి 15 వోల్టులు పెట్టినట్టే.

నిండిన బ్యాటరీలోకి పోయే కరెంటు క్లాంప్ మీటరుతో పట్టాను. డీసీ కొలిచే క్లాంప్ కావాలి, ఏసీది మాత్రమే అయితే సున్నా చూపిస్తుంది. వేడి బ్యాటరీ మీద:

15.12 వోల్టుల దగ్గర (పాత వైరింగు మళ్ళీ తగిలించి చూశాను): 5.2 ఆంపులు
14.35 దగ్గర: 2.1 ఆంపులు
13.90 దగ్గర: 0.8 ఆంపు (బెంచ్ సప్లయితో)

80 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నిండిందంటే దాంట్లోకి ఆంపుకు కాస్త అటూ ఇటూగానే పోవాలి. 2.1 ఆంపులు రోజుకు నాలుగు గంటలు పోతే 8.4 ఆంపియర్ అవర్లు, సెల్లుకు 2.8 మి.లీ. నీళ్ళు. ఇంకో సంగతి, కరెంటు పోయేకొద్దీ బ్యాటరీ వేడెక్కుతుంది, వేడెక్కేకొద్దీ ఇంకా కరెంటు లాగుతుంది. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకూ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. బెంగళూరులో మూడు నాలుగేళ్ళు వచ్చే బ్యాటరీ ఇక్కడ ఎందుకు రాదో దీంతో తేలిపోతుంది.

మొదట వేడి తగ్గించే పని పెట్టుకున్నా. మేనిఫోల్డుకూ బ్యాటరీకీ మధ్య అల్యూమినియం రేకు. బ్యాటరీకి ఆనించి బిగిస్తే 52 కాస్తా 50 అయింది, అంతే. రేకే కాలి ఆ వేడిని బ్యాటరీకి ఇస్తోంది. స్పేసర్లు వేసి రేకు వెనక అంగుళం సందు వదిలి, పైనా కిందా గాలి ఆడేలా పెడితే 46కు వచ్చింది. రేకు మందం కాదు, ఆ అంగుళం సందే పని చేసింది.

46 డిగ్రీలకు లెక్క: 14.40 లోంచి 21 సార్లు 0.024 తీసేయాలి. 13.90.

ఖర్చు: రేకు, స్పేసర్లు, బోల్టులు 240. మొత్తం 1280.

దశ 6: కటౌట్ మార్పు

పాత డబ్బాలో తిప్పడానికి ఏమీ లేదు, ఎపాక్సీ పోసి మూసేసింది. లోపల స్క్రూ ఉన్న రకం కావాలి. పేరూ ఊరూ లేని డబ్బా ఒకటి 650కి దొరికింది. బెంచ్ మీద బుద్ధిగా 13.9కి వచ్చింది. బండికి వేసి ఐడ్లింగులో చూస్తే 13.9, లైట్లు వేస్తే 13.9. లైట్లు ఆర్పి మూడు వేల ఆర్‌పీఎంకు ఎక్కిస్తే 14.7.

వైరింగు మీద అనుమానం లేదు, ఎందుకంటే డబ్బా కొసల మధ్యే 14.7 ఉంది. ఫీల్డు వైరుకు క్లాంప్ పెట్టాను. లోడు లేనప్పుడు, ఇంజన్ గట్టిగా తిరుగుతున్నప్పుడు ఫీల్డు కరెంటు దాదాపు సున్నాకు దిగాలి. ఇది 0.9 ఆంపు దగ్గర ఆగిపోతోంది, లోపలి ట్రాన్సిస్టర్ పూర్తిగా మూసుకోవడం లేదు. లోడు ఉన్నప్పుడు ఈ లోపం కనపడదు. పగటిపూట, లైట్లు లేకుండా, హైవే మీద పోయేటప్పుడే కనపడుతుంది. అంటే బ్యాటరీ బాగా వేడి మీద ఉండి, నిండి ఉండే సమయమే అది. ఏ కొత్త కటౌట్ కొన్నా ఈ పరీక్ష తప్పక చేయండి: లైట్లు ఆర్పి, ఎక్సలేటర్ మూడు వేలకు, ఒక నిమిషం.

షాపులో వెనక్కి తీసుకుని, పైన డబ్బులు కట్టించుకుని ఇంకో రకం ఇచ్చారు. దీంట్లో ఫీల్డు 0.3కు దిగుతోంది, మూడు వేల దగ్గర కూడా 13.92 దాటలేదు. స్క్రూ సెట్ చేశాక దాని మీద నెయిల్ పాలిష్ చుక్క, గుంతల రోడ్డుకు కదలకుండా.

ఈ డబ్బాలోనూ వేడికి వోల్టేజి తగ్గించే ఏర్పాటు ఉందని అట్ట మీద రాశారు. ఉంది కూడా. కానీ అది చూసేది తన వేడిని. డబ్బా గాలి తగిలే మడ్‌గార్డు మీద, బ్యాటరీ మేనిఫోల్డ్ పక్కన. కాబట్టి ఆ ఏర్పాటును నమ్ముకోకుండా వేసవికి వేసవి సెట్టింగే పెట్టాను.

డ్యాష్‌బోర్డు మీద చిన్న డిజిటల్ వోల్టు మీటరు. దాని ప్లస్ డ్యాష్‌బోర్డు వైరింగు నుంచి తీస్తే మళ్ళీ పాత కథే, అర వోల్టు తక్కువ చూపిస్తుంది. రిలే 87వ కాలు నుంచి తీశాను. బావకు చీటీ రాసి అతికించా:

13.2 కంటే తక్కువ, రేజ్ ఇచ్చినా పెరగలేదు: ఆగి ఫ్యాను బెల్టు చూడు.
13.7 నుంచి 14.1: పోనీ.
14.5 దాటింది: బండి ఆపి, బ్యాటరీ పక్కనున్న 10 ఆంపుల ఫ్యూజు పీకు. చార్జింగ్ ఆగిపోతుంది. డీజిల్ ఇంజన్‌కు పెద్దగా కరెంటు అక్కర్లేదు, పగలైతే ఇంటిదాకా వచ్చేస్తావు. టెర్మినల్ మాత్రం ముట్టుకోకు.

చీటీ చదివి "ఇంత పెద్ద పురాణం ఎవురు సదువుతారు సామీ" అన్నాడు. మీటరు అంకె మాత్రం రోజూ చూస్తున్నాడు, ఫోన్ చేసి చెబుతున్నాడు కూడా.

ఖర్చు: రెండో కటౌట్ 1150 (మొదటిదాని 650 అందులోనే జమ), మీటరు 180. మొత్తం 2610.
నీళ్ళు (రెండు వారాలకు): 85 మి.లీ. అందులో ఆరో సెల్లుది 20.

దశ 7: తక్కువైనా తంటానే

13.9 పెట్టి వదిలేస్తే అయిపోదు. కాయల కోత లేని వారాల్లో బండి ఊళ్ళోనే చిన్న చిన్న దూరాలు తిరిగింది. పొద్దున రీడింగ్ 12.6 నుంచి 12.45కు జారింది. వేడెక్కని బ్యాటరీకి 13.9 చాలదు. డీజిల్ సెల్ఫ్ మోటారు ఒక్క స్టార్టుకు లాగినదాన్ని ఆ కాస్త దూరంలో తిరిగి నింపలేదు. అలాగే నెలల తరబడి వదిలితే ప్లేట్లకు సల్ఫేటు పడుతుంది. ఎక్కువ చార్జింగ్ బ్యాటరీని ఉడికించి చంపితే, తక్కువ చార్జింగ్ మెల్లగా చంపుతుంది.

అందుకే రెండు ఏర్పాట్లు.

ఒకటి, నెలకోసారి బ్యాటరీ దించి షాపులో బెంచ్ చార్జింగ్. మొదట 8 ఆంపులు, అంటే కెపాసిటీలో పదో వంతు. వోల్టేజి 14.4 చేరాక అక్కడే పట్టి ఉంచి, కరెంటు ఆంపు దగ్గరకు దిగి, రెండు మూడు గంటల పాటు హైడ్రోమీటరు అంకె మారకపోతే ఆపాలి. వెనకబడిన సెల్లుల కోసం 15.5 దాకా తోసే పద్ధతి ఒకటుంది. అది బండి నుంచి దించి, మూతలు వదులు చేసి, గాలి ఆడే చోట, 27 డిగ్రీల లోపే. బండిలో ఉండగా వద్దు, సీల్డ్ బ్యాటరీకి అసలే వద్దు.

రెండు, చలికాలానికి స్క్రూ మార్చడం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బండి తిరిగొచ్చాక బ్యాటరీ 35 దాటదు. 14.15 పెడతాను. ఉగాదికి మళ్ళీ 13.9.

బ్యాటరీ రకం వేరైతే అంకెలు వేరు, అన్నీ 25 డిగ్రీల దగ్గరివి. కాల్షియం ప్లేట్ల మెయింటెనెన్స్ ఫ్రీ రకానికి 14.4 నుంచి 14.8. ఏజీఎంకు (యాసిడ్ గాజు పీచులో ఇంకి ఉండే రకం) కూడా దాదాపు అంతే. జెల్ రకానికి 14.1 నుంచి 14.4, దాటనివ్వొద్దు, అందులో ఎగిరిపోయిన నీళ్ళు మళ్ళీ పోసే దారే లేదు. డబ్బా మీద కంపెనీ అచ్చేసిన అంకె ఉంటే అదే ముఖ్యం.

ఆరో సెల్లు ఒక బెంచ్ చార్జింగ్‌కు 1.205 నుంచి 1.220కి వచ్చింది, మిగతావి 1.250. పూర్తిగా కోలుకుంటుందని ఆశ లేదు. దానికోసం కొత్త బ్యాటరీ ఇప్పుడే వద్దని చెప్పాను.

మిగిలిన పని: ఆల్టర్నేటర్ బి ప్లస్ (కరెంటు బయటికొచ్చే టెర్మినల్) నుంచి బ్యాటరీకి వచ్చే లావు వైరు. అన్నీ వేసినప్పుడు 18 ఆంపుల దగ్గర దాంట్లో 0.31 వోల్టు పోతోంది, 0.2 లోపు ఉండాలి. కటౌట్ ఇప్పుడు బ్యాటరీ దగ్గరే చూసుకుంటోంది కాబట్టి చార్జింగ్ వోల్టేజికి నష్టం లేదు. కానీ ఐదున్నర వాట్లకు పైనే వేడి ఆ దారిలో, ఎక్కువగా ఆల్టర్నేటర్ వైపు లగ్గులో పుడుతోంది, ముట్టుకుంటే చురుక్కుమంటోంది. లగ్గుతో పాటు ఆ వైరూ మార్చడానికి 25 స్క్వేర్ కేబులు తెచ్చిపెట్టా. కోత అయ్యాక బావ బండి వదిలినప్పుడు వేసి, ఆ రీడింగ్ ఇక్కడే కలుపుతాను.